బోణీకి ముందు రక్తపరీక్ష

2016 శ్రావణం, ఆదివారం.

మా మరిది పోయి పదమూడు రోజులు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా చర్మవ్యాధి తీసుకుపోయిందంటున్నారు. కాదు, కాలేయం చెడి చనిపోయాడు. అందుకే రాస్తున్నాను.

విజయనగరంలో మాది బట్టల కొట్టు. పన్నెండేళ్లు అతను మండుటెండల్లోనూ మణికట్టు దాకా చొక్కా తొడిగాడు. చేతుల నిండా ఎర్రటి మచ్చలు, పొలుసులు. గుడ్డ కొలుస్తుంటే పొట్టు రాలేది. "నువ్వొద్దు బాబూ, ఇంకోడిని కొలవమను" అని ఒక ముసలమ్మ మొహానే అంది. అతను మీటరు కర్ర గుమాస్తాకిచ్చి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. "గుడ్డ మన సేతిలోంచి ఆల సేతిలోకెల్లాల వదినా, అప్పుడే బేరం" అనే మనిషి.

విశాఖ డాక్టరు మాత్ర రాశారు. "వారానికి ఒకటే. నెలనెలా రక్తపరీక్ష మానొద్దు, ఇది కాలేయాన్ని దెబ్బతీయొచ్చు" అన్నారు. నేను నోటుపుస్తకంలో గళ్లు గీశాను. ప్రతి ఆదివారం నా ఎదుటే మింగాలి, నేను టిక్కు పెట్టాలి. ఒక్క వారం తప్పనివ్వలేదు. నాలుగు నెలలకు చేతులు తేటబడ్డాయి. పొట్టి చేతుల చొక్కాతో వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"సూడొదినా, పెళ్లికొడుకులాగున్నానా, లేదా?"

"అరవయ్యేళ్ల పెళ్లికొడుకువి. జరుగు, పాలు పొంగుతున్నాయి."

రక్తం పొద్దున్నే తీసేవారు. రెండు నెలలు వెళ్లాడు. ఆ రెండు రోజులూ బేరాలు సాగలేదు. "బోణీ అవకుండా ఒంట్లో రకతం తీసిచ్చీమంటావేటి వదినా?" అన్నాడు. నేనూ బోణీకి ముందు గడప దాటి ఉప్పు కూడా ఇవ్వని దాన్నే. సరేలే అన్నాను. మందుల షాపులో పాత చీటీ చూపిస్తే మాత్రలిచ్చేవారు. పరీక్ష ఏదని ఎవరూ అడగలేదు.

ఏడాదిన్నరకు ఆకలి పోయింది, కాళ్లు వాచాయి, కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లని ఆకు పసరు తాగించాం. ఆ ఆదివారం కూడా మాత్ర నేనే చేతిలో పెట్టాను. ఆసుపత్రిలో డాక్టరు నా పుస్తకం తిరగేసి, "చాలా శ్రద్ధగా రాశారమ్మా. రక్తపరీక్షలు ఎక్కడ?" అన్నారు.

వాటికి నేను గడి గీయలేదు.

ఇక జరగాల్సినవి:

1. పరీక్ష కాగితం చూడకుండా ఆ మాత్ర ఎవరికీ ఇవ్వొద్దని మందుల షాపుకు వెళ్లి చెప్పాలి. వాళ్లు చిరాకుపడినా సరే.

2. ఇలాంటి మాత్ర వాడే మనిషి మీ ఇంట ఉంటే, మాత్ర గడి పక్కనే రక్తపరీక్షకూ గడి గీయండి.

3. ఒంట్లో బాగున్నప్పుడు అతను కుట్టడానికిచ్చిన పొట్టి చేతుల చొక్కాలు రెండు దర్జీ దగ్గర వేలాడుతున్నాయి. రేపు నేనే వెళ్లి తెచ్చుకోవాలి. బోణీకి ముందే.