వేల్పు చెట్ల మట్టి

మా ఊళ్ళో వేల్పు చెట్ల కిందికి వెళ్ళినవాళ్ళు చెప్పులు విడవడమే కాదు, బయటికి వచ్చేటప్పుడు అరికాళ్ళు కూడా దులుపుకోవాలి. దేవత ఉండే చోటి మట్టి రవ్వంత కూడా ఆ నీడ దాటకూడదు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో ఒకసారి మరిచిపోయి నడిచి వచ్చేస్తే, మా అత్త నన్ను వెనక్కి లాక్కెళ్ళి, చంటిపిల్లలా ఒంటికాలి మీద నిలబెట్టి పాదాలు తుడిచింది. అలాంటి అత్తే ఆ మట్టిని గంపలకెత్తి బయటికి పంపింది. ఎందుకు పంపిందో చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు. చెప్పినా చల్లారుతుందన్న నమ్మకం లేదు.

ఊరికి పడమట, చర్ల వెళ్ళే దారిలో మాకొక గుట్ట ఉండేది. దాని నిండా ఇప్ప, తునికి, మొర్రి చెట్లు. ఎండాకాలం ఇప్పపువ్వు ఏరడానికి పొద్దు పొడవకముందే ఊరంతా అక్కడుండేది. తర్వాత తెల్లరాయి కోసం ఒక కంపెనీ వచ్చి గుట్టను తవ్వింది. పేలుళ్ళకు మా గోడలు నెర్రెలిచ్చాయి. కొన్నేళ్ళకు రాయి అయిపోయిందన్నారు, గని ఆపేశారు. మాకు మిగిలింది రాళ్ళ కుప్ప. వానొస్తే ఆ తెల్ల బురద మా వరిమళ్ళలోకి దిగేది.

అప్పుడు వచ్చాడాయన, కంపెనీ తరఫున చెట్లు పెంచే సారు. ఆయన అనే రాస్తున్నాను, నోటికి వచ్చేది వేరు. మొక్కలను నిజంగా ఎరిగిన మనిషి, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. యూకలిప్టస్ వద్దు, ఈ నేలకు పుట్టినవే పెంచుదాం అన్నాడు. మా అరుగు మీద కూచుని అంబలి తాగేవాడు. అత్తను 'అమ్మా' అని పిలిచేవాడు. ఆడవాళ్ళమంతా ఆయన చెప్పినట్టే వాలుకు అడ్డంగా కందకాలు తీశాం, ఆకుచెత్త పరిచాం, ఇప్పగింజలు నాటాం. మొలిచినవి మొలిచినట్టే మాడిపోయాయి.

"నేల చచ్చిపోయిందమ్మా," అన్నాడు ఒకరోజు అత్తతో. "బతికున్న మట్టి గావాలె. ఎన్నడు ఎవ్వరు కదిలియ్యని మట్టి. చెట్ల వేర్లకు బలమిచ్చే బూజు అందులనే ఉంటది. మీ వేల్పు చెట్ల కింద ఉన్నది గసుంటి మట్టే."

అత్త వేల్పు చెట్ల వైపు చూసింది. "ఇస్తే, ఆ చెట్లు ఎవరివైతయి సారూ?" అని అడిగింది.

"మీవే. ఇంకెవరివైతయి? ఇగ ఈ గుట్టను ఎవ్వరు ముట్టరు. నా మాట నమ్ము."

అత్త నమ్మింది. ఊరిని నమ్మించే పనీ తనే నెత్తిన వేసుకుంది. వేల్పుకు పూజ చేసే ఊరి పెద్ద, అత్తకు వరసకు అన్న. ఆయన ససేమిరా అన్నాడు. "తల్లి మట్టి బైటికి పోతే ఊరు నిలుస్తదా?" అని కేకలేశాడు. అత్త తగ్గలేదు. "గుట్ట గూడ ఆ తల్లిదేనాయె అన్నా. ఏమన్న అయితే పూచీ నాది," అంది. ఆ మాటతో ఆయన మెత్తబడ్డాడు. కోడిని కోసి, వేల్పుకు చెప్పుకుని, గంపలెత్తాం. గుంతకొక దోసెడు మట్టి వేశాం.

మొక్కలు ఈసారి నిలబడ్డాయి. కొన్ని వానాకాలాలు దాటేసరికి ఇప్పమొక్కలు అత్త నడుము కంటే ఎత్తయ్యాయి. మేం నాటని తునికి, బోదగడ్డి వాటంతట అవే వచ్చాయి. మేకలు పడతాయనే సాకుతో అత్త రోజూ గుట్టకు పోయేది. పోయేది కళ్ళారా చూసుకోవడానికే. "నేను ఉన్నా లేకున్నా నువ్వు పువ్వు ఏరుతవు," అనేది నాతో. ఊళ్ళో నడుస్తుంటే ఆమె కోడలినని నాకు ఎంత గర్వంగా ఉండేదో!

పోయిన ఎండాకాలం పొక్లెయిన్ వచ్చింది. అడుగున ఇంకా రాయి ఉందట, దానికి ఇప్పుడు గిరాకీ పెరిగిందట. మేం పరుగెత్తి వెళ్ళేసరికి సగం వాలు లేదు. సారు అక్కడే ఉన్నాడు. అత్త వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"ఏంది సారూ ఇది?"

"పైనుంచి ఆర్డరమ్మా. నా చేతుల ఏమున్నది?"

"నీకు ఎప్పటిసంది ఎరుక?"

ఆయన తల వంచుకున్నాడు. "లీజు అయిపోలేదని మొదటిసందే ఎరుక. గింత జల్దీ వస్తరనుకోలే. కొన్నేండ్లన్న పచ్చగుంటది గదా అనుకున్న."

పైవాళ్ళు మోసం చేయడం మాకు కొత్త కాదు. వాళ్ళ మీద కోపం వస్తుంది, పోతుంది. కానీ ఈయన మా చేతి అంబలి తాగుతున్నప్పుడే అంతా ఎరిగి ఉన్నాడు. అమ్మా అన్న ప్రతిసారీ ఎరిగే అన్నాడు. ఆయన్ని నేను ఈ జన్మలో క్షమించను. అత్త మాత్రం తిట్టలేదు. "మా మట్టి మాకియ్యి," అంది. ఆయన లారీ డ్రైవర్‌ను పిలిచి, కావలసినంత తీసుకెళ్ళి ఊళ్ళో పోసి రమ్మన్నాడు. లారీలో ఉన్నదంతా రాతిపొడి కలిసిన మన్ను. అత్త దాన్ని ఒకసారి చూసి ఇంటిదారి పట్టింది.

ఊరు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. తొలకరికి ముందు విత్తనాల పండగ వచ్చింది. ఆ రోజు ప్రతి ఇల్లూ చేటలో విత్తనాలు తెస్తుంది. ఊరి పెద్ద వాటన్నింటినీ వేల్పు ముందు ఒకే కుప్పగా కలిపి, మళ్ళీ అందరికీ పిడికెడు చొప్పున పంచుతాడు. ఆ పిడికెడు పడ్డాకే ఏ చేనైనా విత్తేది. అత్త వరి విత్తనాలు చెరిగి తీసుకెళ్ళింది. ఆయన వరసగా చేటలు అందుకుంటూ వచ్చి, అత్త దగ్గర ఒక్క క్షణం ఆగి, పక్కనున్నామె చేట అందుకున్నాడు.

"అన్నా," అంది అత్త.

ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. "పూచీ నాదన్నవు గదా చెల్లె," అని ముందుకు కదిలాడు.

ఇంటికి వచ్చి అత్త ఆ విత్తనాలను రోట్లో పోసి దంచడం మొదలుపెట్టింది. ఎంత ఆకలి రోజుల్లోనైనా విత్తనం వండుకుని తిన్న ఇల్లు కాదు మాది. నేను రోకలి పట్టుకుని ఆపబోయాను. విడిపించుకుని దంచింది. చెరిగి, కడిగి, అన్నం వార్చింది. ఇద్దరికీ కంచాల్లో పెట్టింది.

"తిను బిడ్డా," అంది. "విత్తేటందుకు మనకిప్పుడు వేల్పు పిడికెడు లేదు, ఊరు లేదు."

నేను తిన్నాను.