ఎచ్చెర్లమ్మ దిద్దిన రిపోర్టు

1946 జూన్‌లో నన్ను శ్రీకాకుళానికి సహకార శాఖ జూనియర్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. శ్రీకాకుళం అప్పటికి జిల్లా కాదు. విశాఖ జిల్లాలో ఒక తాలూకా, సర్కారు కాగితాల్లో చికాకోల్. నాకు అప్పగించిన సంఘాల్లో ఒకటి పొందూరు దగ్గర పల్లెలో ఉండేది. నూలు వడికే ఆడవాళ్ళూ, నేసే మగవాళ్ళూ కలిసి పెట్టుకున్న సంఘం అది. ఊరి పేరు రాయను. నా తెలివితక్కువతనం తెలిసినవాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు.

ఆ శీతాకాలంలో సంఘం ప్రెసిడెంటు పదవికి ఎన్నిక వచ్చింది. ఉన్న ప్రెసిడెంటు సింహాచలంగారు ఊరి నేతవారికి పెద్ద, మర్యాదస్తుడు. మూడుసార్లు పోటీ లేకుండా ఎన్నికైన మనిషి. ఈసారి ఆయన మీద అప్పలస్వామి నిలబడ్డాడు. ఇతనిది నరసన్నపేట. పన్నెండేళ్ళ కిందట ఈ ఊరికి ఇల్లరికం వచ్చాడు. పన్నెండేళ్ళయినా ఊరందరికీ అతను 'అల్లుడే'.

మా డిప్యూటీ రిజిస్ట్రారుగారు విజయనగరంలో ఉండేవారు. ఎన్నికకు ముందు ఎవరి బలమెంతో ఇన్‌స్పెక్టరు విచారించి తనకు రహస్యంగా రాయాలన్నది ఆయన పెట్టుకున్న పద్ధతి. బలమంతా ఒకవైపే ఉందని తేలితే రెండోవారికి నచ్చజెప్పి విరమింపజేసేవారు. ఎన్నిక తప్పితే ఊళ్ళో తగవు తప్పుతుందని ఆయన నమ్మకం.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నేనూ ఉద్యోగంలో కొత్తవాణ్ణే, ఇంకా ఖాయం కాలేదు. సభ్యుల జాబితా చంకన పెట్టుకుని మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. మగ్గం గుంటలో కూర్చున్నవాళ్ళనీ, అరుగుల మీద చుట్ట కాలుస్తున్నవాళ్ళనీ అడిగాను. అందరిదీ ఒకటే మాట. ఒక ముసలాయనైతే పడుగు మీంచి తల కూడా ఎత్తలేదు. "అల్లుడికి పీటేస్తాం, బువ్వెడతాం. పెద్దరికం కూడా ఇచ్చేస్తామేటి బాబూ?" అన్నాడు. మీ ఇంట్లో ఓట్లు ఎటు అని అడిగితే ఇంటి యజమాని ఒక పేరు చెప్పేవాడు, నేను ఇంట్లో అందరి పేర్ల పక్కనా టిక్కు పెట్టేవాణ్ణి. బయటి ఊరివాడికి అవకాశం బొత్తిగా లేదని రాసి పంపాను. అప్పలస్వామికి నచ్చజెప్పమని నాలుగో రోజున జవాబు వచ్చింది.

వెళ్ళేసరికి అతను వాకిట్లో పత్తి బుట్టలు సర్దుతున్నాడు. విషయం చెప్పాను. మొహం చిన్నబోయింది గానీ ఎదురు చెప్పలేదు. "తమరు రాసిమ్మంటే రాసిచ్చేస్తాను బాబూ. ఆల్లని మాత్రం ఒకపాలి అడగండి," అని వసారా కేసి చూపించాడు.

అక్కడ ఏడెనిమిది మంది ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకుతున్నారు. ఆ చేప పళ్ళు దువ్వెన పళ్ళకంటే సన్నం. పొందూరు సన్నపు నూలుకి మొదటి పని అదే. వాళ్ళలో పెద్దావిడ పేరు నరసమ్మ. ఊరు మాత్రం ఎచ్చెర్లమ్మ అంటుంది. ఆవిడ పుట్టిల్లు ఎచ్చెర్ల.

"ఎవులెవుల్ని అడిగినావు బాబూ? మొగోల్లనే గదా?" అంది.

అవునన్నాను.

"మరి మాకు ఓట్లు లేవేటి? గురువారం పత్తి పంచినప్పుడు మొగోల్లు కావలసినోల్లకి ఏరిచ్చేసినాక అడుగున మిగిలిన సెత్త మాకు పోస్తారు. దాంతో వడికితే పోగు తెగిపోతాది. పోయినేడు సింహాచలంగోరికి జొరమొస్తే నాలుగు నెల్లు ఈ అప్పలస్వామి బాబే పంచినాడు. ముందొచ్చినోల్లకి ముందు. ఆ నాలుగు నెల్లే మేం సుకపడినాం."

అయినా బయటి ఊరివాడికి ఊరు ఓటేస్తుందా అని నసిగాను. ఆవిడ ఏకడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"మేమేటి ఈ ఊరోల్లమా? ఏ కోడలు ఈ ఊల్లో పుట్టినాదో సెప్పు. నలభై ఏల్లయినాది నానొచ్చి, ఇంకా ఎచ్చెర్లమ్మనే. మొగోల్లకి ఆయన అల్లుడు. ఈ కోడల్లకి ఆడబిడ్డ మొగుడు, అంటే అన్నయ్య."

పక్కన ఉన్న కోడళ్ళు నవ్వారు. ఆ ఊళ్ళో వాళ్ళు కొంగు సర్దుకోకుండా, పక్కకు తప్పుకోకుండా మాట్లాడగలిగిన మగవాడు అతనొక్కడే. జాబితా విప్పి చూస్తే 'ఫలానావారి భార్య', 'ఫలానావారి కోడలు' అన్న పేర్లు సగానికి పైనే ఉన్నాయి. వాటన్నిటి పక్కనా నా టిక్కులే.

వెళ్ళబోతుంటే నరసమ్మే మళ్ళీ పిలిచింది. "మావగోరు కూకున్న కాడ సెయ్యెత్తమంటే ఎలగెత్తుతాం బాబూ?"

మా ఎన్నికలు మామూలుగా చేతులెత్తి జరిగేవి. కొందరు సభ్యులు ముందుగా రాసి కోరితే రహస్య ఓటు పెట్టాలని నిబంధన ఉంది. ఎవరికి ఓటెయ్యాలో చెప్పడం నా పని కాదు, నిబంధన చెప్పడం నా పనే. చెప్పాను. మర్నాటికి ఆరు వేలిముద్రలతో అర్జీ వచ్చింది.

ఇక మిగిలింది నా రెండో రిపోర్టు. మొదటిది తప్పని ఒప్పుకుంటే ఉద్యోగం ఖాయం కాకపోవచ్చు. ఒప్పుకోకపోతే ఏకగ్రీవమే. చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. చివరికి, నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని పంతానికి పోకుండా, సభ్యుల్లో సగం మందిని నేను అడగనే లేదని రాసి, అర్జీతో కలిపి పంపాను. డిప్యూటీ రిజిస్ట్రారుగారు కోప్పడలేదు. మార్జిన్లో "ఓటు పెట్టెలు తీసుకువెళ్ళండి" అని మాత్రం రాశారు. ఆ మూడు మాటలకు ఆయనకు నేనెప్పుడూ రుణపడి ఉంటాను.

చదువు రానివాళ్ళ కోసం అభ్యర్థికో రంగు పెట్టె చొప్పున పెట్టేవాళ్ళం. సింహాచలంగారిది పసుపు, అప్పలస్వామిది ఆకుపచ్చ. తడికె చాటుకు ఒక్కొక్కరే వెళ్ళి చీటీ వేసి వచ్చారు. సాయంత్రం అందరి ఎదుటా పెట్టెలు విప్పితే అప్పలస్వామి ఇరవై పైచిలుకు ఓట్లతో గెలిచాడు. సింహాచలంగారే ముందు లేచి, "అల్లుడూ, ఇలా వచ్చి కూకో," అని తన కుర్చీ చూపించారు. ఆ పెద్దమనిషికీ నా నమస్కారం.

ఆ తరువాత సర్వీసంతా ఏ ఎన్నిక గురించి రాయవలసి వచ్చినా, ఆ ఊరికి బయటినుంచి వచ్చినవాళ్ళెందరో ముందు చూసుకునేవాణ్ణి. ఏ ఊళ్ళోనూ వాళ్ళు తక్కువ లేరు. ఈ సంగతి తెలుసుకోవడానికి నేను పొందూరు దాకా పోనక్కరలేదు. మా ఆవిడది బొబ్బిలి. అప్పటికి మా ఇంటికి వచ్చి ఆరేళ్ళయింది. ఏ విషయంలోనైనా ఆమె అభిప్రాయం నేను అడిగింది, ఆ ఎన్నిక నుంచి తిరిగొచ్చిన రోజునే మొదలు.