గుర్రం వెంట సైన్యం

పెళ్లయ్యాక బావ మొదటిసారి చింతామణిలో మా ఇంటికి వచ్చినప్పుడు అక్కతోబాటు ల్యాప్‌టాప్ కూడా వెంట తెచ్చుకున్నాడు. ఆయనది బాగేపల్లి, ఉద్యోగం చిక్కబళ్ళాపురంలో. మంచి మనిషే గానీ, రాజ్యాలు కట్టి సైన్యాలను నడిపే కంప్యూటర్ ఆటల్లో తనను ఓడించినవాళ్ళు లేరని పెళ్లిచూపుల్లోనే చెప్పుకున్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. నా తీరే అంత. ఎవరైనా గొప్పలు చెప్పుకుంటే నాకు చేతులు దురద పెడతాయి.

శుక్రవారం ఆడపిల్లను పుట్టింటి నుంచి పంపరు కాబట్టి గురువారమే బయలుదేరాలని వాళ్ళింటి పెద్దలు చెప్పి పంపారు. అక్క ఆదివారం దాకా ఉంటే బాగుండునని మా ఇంట్లో అందరికీ ఉంది. కొత్త అల్లుణ్ణి అడగడం మర్యాద కాదని అమ్మ నోరు విప్పదు. మరదలికి ఆ బాధ లేదు. బుధవారం మధ్యాహ్నం భోజనాలు కాగానే నేను బావ ముందు నా ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను.

“బావా, ఆటలో నేను గెలిస్తే అక్క ఆదివారం దాకా ఈడ్నే ఉంటాది.”

“నేను గెలిస్తే?”

“రేపు పొద్దున్నే పిల్చుకోని పో.”

బావ నవ్వి సరే అన్నాడు. అమ్మ ఓళిగల తట్టతో, అదే బొబ్బట్లతో, వచ్చి నా చెవిలో, “కొత్తల్లుడమ్మా, ఓడిస్తే బాగుండదు,” అని గొణిగింది. నేను ఒక ఓళిగ తీసుకున్నాను, సలహా తీసుకోలేదు.

ఈ ఆటల్లో సైనికులకు సొంత బుద్ధి తక్కువ. ఏ పనీ చెప్పకుండా వదిలేస్తే, కంటికి కనబడిన శత్రువుల్లో దగ్గరున్నవాణ్ణి ఎంచుకుంటారు. ఎంచుకున్నాక ఇక వదలరు. వాడు పరిగెత్తితే వీళ్ళూ పరిగెత్తుతారు. వెనక సొంత కోట కాలిపోతున్నా తిరిగి చూడరు. అలా పోకుండా ఉండాలంటే, ఉన్నచోటే నిలబడమని ముందే ఆజ్ఞ ఇచ్చిపెట్టాలి. దానికొక బటన్ ఉంది గానీ, దూకుడుగా ఆడేవాళ్ళు దాని జోలికి పోరు. ఇదంతా నాకు నేర్పింది అక్కే. నాన్న అంగడి లెక్కలకని కొన్న పాత కంప్యూటర్లో, ఒక్క గుర్రాన్ని చూపించి నా సైన్యాన్నంతా పొలిమేర దాటించేది. నేను ఏడుపు మొహం పెట్టేదాన్ని.

ఇప్పుడు ఆ గుర్రం నా చేతిలో ఉంది. బావ సైన్యం ముందుకు ఒక్క రౌతును పంపి, వెంటనే వెనక్కి తిప్పాను. అనుకున్నట్టే అందరూ వాడి వెంట పడ్డారు. వాళ్ళకు ఆశ చావకుండా గుర్రాన్ని మధ్యమధ్య కాసేపు ఆపుతూ, అడవి చుట్టూ తిప్పాను. అటుపక్క నుంచి నా సైన్యం బావ కోట వైపు నింపాదిగా నడుస్తోంది.

“యాడికి పోతాండారు వీళ్ళంతా?” అన్నాడు బావ.

తెర వైపు తొంగి చూసిన అమ్మకు జాలి వేసింది. “అంతమంది కలిసి ఒక్క గుర్రాన్ని పట్టలేకుండారే, పాపం.”

నాకు కడుపుబ్బ నవ్వొచ్చింది. ఆదివారం దాకా అక్క పక్కన పడుకుని చెప్పుకోవాల్సిన కబుర్లు కూడా అప్పుడే తలుచుకుంటున్నాను. బావ పక్కన కూర్చున్న అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నవ్వుతూనే ముందుకు వంగి, తెర మీద ఒక మూల చూపించింది.

“ఇది నొక్కండి. అందురూ ఆడ్నే నిలబడతారు.”

బావ నొక్కాడు. సైన్యం నిలబడింది. బావ దాన్ని వెనక్కి, కోట వైపు తిప్పాడు. కోట గోడకూ ఆ సైన్యానికీ మధ్య నావాళ్ళు ఇరుక్కుని నలిగిపోయారు. తాడి తన్నేవాడి తల తన్నేవాళ్ళు ఉంటారని ఊరికే అనలేదు.

నాకు ఒళ్ళు మండింది. “పెళ్లయి నెల కాలేదు, అప్పుడే ఆ పక్క చేరినావా అక్కా?”

“నేను ఏ పక్కా చేరలేదు,” అంది అక్క. ఆమె నవ్వు ఆగిపోయింది. “నేను ఉండల్లా పోవల్లా అని ఇద్దురూ పందెం కట్టుకుండారు. ఒకరన్నా నన్ను అడిగినారా?”

అమ్మ తట్టలోకి చూస్తూ నిలబడింది. బావే ముందు తేరుకున్నాడు. గెలిచానన్న సంగతే మరిచిపోయినట్టు ల్యాప్‌టాప్ మూసి అక్క వైపు తిరిగాడు.

“అడగలేదు, తప్పే. ఇప్పుడు అడుగుతాండా. ఉంటావా, పోదామా?”

“ఆదివారం దాకా ఉంటా. మీరు గెలిచినారనీ కాదు, అది ఓడిందనీ కాదు. నాకు ఉండల్లని ఉండాది. మీ ఇంట్లో నేనే చెప్తాలే.”

బావ సరేనని తలూపాడు. అక్క నన్ను మోచేత్తో పక్కకు జరిపి నా చోట కూర్చుంది.

“ఇప్పుడు రాండి. మీరిద్దురూ ఒక పక్క, నేనొక్కదాన్నే ఒక పక్క.”

ఇద్దరం కలిసి ఆడినా ఓడిపోయాం. అంత సంతోషంగా నేనెప్పుడూ ఓడిపోలేదు.