గడప బయట కుర్చీ

ఇందాక పై ఇంట్లో కుక్కర్ కూసింది. చేతిలో చిక్కుడుకాయలు ఒళ్లో పడిపోయాయి. ఇన్నేళ్లయినా మొదటి కూతకు నా చేతులు అలాగే వదిలేస్తాయి, పిల్లలూ. రెండో కూతకల్లా కాయలు ఏరుకుని మళ్లీ ఈనెలు తీస్తాను. ఆ రెండు కూతల మధ్య నాకు సరోజ మేడమ్ గుర్తొస్తుంది. మీరు ఆవిణ్ని చూడలేదు. మీ అమ్మకు తెలుసు.

మీ తాతయ్య రాయపూర్ అవతల సిల్తారాలో, ఇనుము ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవారు. ఆ రోజు వేళకాని వేళ సైరన్ మోగింది. కాలనీ ఆడవాళ్లమంతా గేటు దగ్గరికి పరిగెత్తాం. చీకటి పడేదాకా గేటు బయట నేల మీద కూర్చున్నాను. లోపలికి బళ్లు వెళ్తున్నాయి, వస్తున్నాయి. అడిగితే "ఆగండి, ఆగండి" అన్నారే తప్ప, ఆయన లేరన్న మాట నాతో ఎవరూ చెప్పలేదు. చివరికి ఎవరో ఫోన్లో మాట్లాడుతుంటే ఆ మాట విన్నాను.

తర్వాత రాయపూర్ వచ్చి పండరీ బట్టల బజారు దగ్గర అద్దెకు దిగాం. కుక్కర్ కూస్తే చాలు, ఆ సైరనే అనిపించి వంటింటి మూలకు పోయి ముడుచుకుని కూర్చునేదాన్ని. కుక్కర్ అటకెక్కింది. కొన్నాళ్లకు పొయ్యీ ఆరింది. మీ అమ్మ లత అప్పటికింకా బడి పిల్ల. బడి నుంచి వచ్చి బియ్యం తానే కడిగి వండి, నా నోట్లో ముద్ద పెట్టేది. ఆ పిల్ల చదువు ఆగిపోయేలా ఉందని వాళ్ల టీచరే, మనసు చెదిరినవాళ్లతో మాట్లాడే సరోజ మేడమ్ అడ్రసు ఇచ్చింది. మా ఆడపడుచు మూతి తిప్పింది.

"మాటాడ్డానికి మేడమ్ దగ్గరికెళ్లాలేటి? ఇంట్లో మేం నేమా?"

ఉన్నారు. అందరూ "ఊరుకో, ఏడవకు" అనేవాళ్లే.

మేడమ్ రైల్వే వాళ్ల అమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగులో సగం హిందీ. తన ఇంటి ముందుగదిలోనే మాలాంటివాళ్లతో మాట్లాడేది. వెళ్లానే గానీ, పసుపు రాసిన గడప చూసి ఆగిపోయాను.

"నోపలికి రాకూడదమ్మా. ఆయన పోయి ఏడాది తిరగనేదు. ఎవరి గడపా తొక్కకూడదు" అన్నాను.

ఈ రోజుల్లో ఇవన్నీ ఏమిటని అంటుందనుకున్నాను. ఆవిడ లోపలికెళ్లి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వసారాలో వేసింది.

"కోయీ బాత్ నహీ అమ్మా. మీరు లోపలికి రాకపోతే నేనే బయటికొస్తా. ఆరామ్‌గా కూర్చోండి."

ప్రతి గురువారం అలా బయటే. వీధిలో రిక్షాల మీద బట్టల మూటలు పోతుండేవి. చాలాసార్లు నేనేమీ మాట్లాడేదాన్ని కాదు, ఆవిడ తొందరపెట్టేదీ కాదు. నా మీదకు ఎండొచ్చి నేను కుర్చీ జరుపుకుంటే తనూ జరుపుకునేది.

ఒక గురువారం తలుపుకి తాళం. మెట్టు మీద కూర్చున్నాను. చీకటి పడింది. ఎవరూ రాలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇంటికొచ్చి పడుకున్నదాన్ని వారమంతా లేవలేదు. మళ్లీ గురువారం లత ఏడ్చి, చెయ్యి పట్టి లాక్కెళ్లింది. మేడమ్ వసారాలో నిలబడి ఉంది.

"బుఖార్ అమ్మా, జ్వరంతో మా అక్క ఇంట్లో పడిపోయాను. మీకు కబురు పంపాల్సింది. పంపలేదు. గల్తీ నాది."

"పర్లేదమ్మా."

"పర్లేదు కాదు. నా మీద గుస్సా రాలేదా?"

"మీ మీద నాకు కోపమేటి..." అంటూనే నా గొంతు పెద్దదైపోయింది. "సెప్పాల కదా! రానని సెప్పాల కదా! ఆ గేటుకాడ అంతసేపు కూకుంటే, మనిషి నేడని ఒక్కడైనా సెప్పాడా!"

వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. మేడమ్ కదల్లేదు. "చెప్పలేదు. వాళ్లూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు" అంది. నన్ను ఎదురుచూసేలా చేసి, తిరిగొచ్చి, అవును నేనే చేశానని నా ఎదుట కూర్చున్న మనిషి ఆవిడొక్కతే. ఆ రోజు నుంచే గేటు సంగతి చెప్పడం మొదలుపెట్టాను. కొద్దికొద్దిగా, చాలా నెలలు.

అటక మీది కుక్కర్ దింపమని ఆవిడ ఎప్పుడూ అనలేదు. "దింపిన రోజు మాత్రం ఒక్కరే ఉండొద్దు" అంది. ఆ రోజు లత నా వీపుకు వీపు ఆనించి కూర్చుని హోమ్‌వర్క్ చేసుకుంది.

బాధ పోలేదు. పోతుందని ఆవిడా చెప్పలేదు. ఆ ఇల్లిప్పుడు బట్టల గోడౌను. మేడమ్ కూడా లేదు. ఆవిడ పోయిన కబురు మాత్రం ఆ పూటే నాకు అందింది. నాకు కబురు చేయమని వాళ్ల అక్కకు ముందే చెప్పి ఉంచిందట.

కింది వాటాలో కొత్తగా ఒకమ్మాయి దిగింది. భర్త పోయి ఎన్నాళ్లో కాలేదు. నిన్న కరివేపాకు కోసం వచ్చి నా గడప బయట ఆగిపోయింది. లోపలికి రమ్మనలేదు నేను. రెండు కుర్చీలు బయట వేశాను. చేతిలో కరివేపాకు రెబ్బ తిప్పుకుంటూ కాసేపు కూర్చుంది. లేచేటప్పుడు, "రేపు రావొచ్చా అమ్మమ్మా?" అంది.

ఇవాళ వస్తుంది. రేపు నేను ఆస్పత్రికెళ్లాలి, ఇంట్లో ఉండను. రాగానే ముందు ఆ మాట చెప్పాలి.