బ్రేక్ మీద ఎవరి కాలు?

2017 వేసవిలో నేను వేలూరులో ఒక కార్ల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా పనిచేస్తున్నాను. ఫోర్‌మన్ అంటే బండి విప్పేవాడు కాదు. ఏది విప్పాలో, ముఖ్యంగా ఏది విప్పకూడదో చెప్పేవాడు. మెకానిక్కులు నా కింద, మేనేజరు నా పైన, బండి యజమానుల కోపం నా నెత్తిన.

ఆ రోజు ఉదయం గుడియాత్తం నుంచి పదిహేనేళ్ళు దాటిన ఒక తెల్ల కారు వచ్చింది. దానికంటే ముందే కాలిన వాసన వచ్చింది. వెనక సీట్లోంచి దిగినవాడు యజమాని రంగనాయుడు, కొబ్బరి తోటల రైతు. తోలుకొచ్చినవాడు యేసుపాదం, ఆయన దగ్గర ఏళ్ళ తరబడి డ్రైవరు.

"ఈయప్ప బ్రేకు మింద కాలు పెట్టుకొనే తోల్తాడు సారూ" అన్నాడు నాయుడు. "రెండు తూర్లు బ్రేకులకి కొత్త లైనింగులు ఏయించినా. రెండు తూర్లూ మాడిపోయినాయి. తప్పు ఎవురిదో మీ నోటితోనే చెప్పండి. చెప్పినాక బండి తాళం తీసేసుకుంటా."

అంటే ఆయన రిపేరుకు రాలేదు, తీర్పుకు వచ్చాడు. తీర్పు కూడా ముందే రాసుకొచ్చాడు, నా సంతకం ఒక్కటే తక్కువ. యేసుపాదం "నేను కాలు పెట్టలేదయ్యా" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. నాయుడు టీ తాగడానికి బయటికి వెళ్ళాక మాత్రం నా దగ్గరికి వచ్చాడు. "పని పోతే పోనీ సార్. బ్రేకులు కాల్చేవోడని పేరు పడితే ఇంక గుడియాత్తంలో నా చేతికి బండి ఎవురిస్తారు?" అన్నాడు.

పెడల్ మీద నుంచి కాలు తీసినా బ్రేక్ వదలకుండా చక్రాన్ని పట్టుకుని ఉండటాన్ని మేము బ్రేక్ పట్టేయడం అంటాం. ఒక్క చక్రమే వేడెక్కితే తప్పు ఆ చక్రం దగ్గరే ఉంటుంది. అక్కడి పిస్టన్ బిగుసుకుపోయి ఉండవచ్చు, ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం లోపల పూడిపోయి ఉండవచ్చు. నాలుగూ ఒకేలా వేడెక్కితే చక్రాలను వదిలేసి పెడల్ వైపు వెళ్ళాలి. నేను ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూశాను. నాలుగూ పెనంలా కాలుతున్నాయి. చిక్కంతా అక్కడే ఉంది. డ్రైవరు కాలు తీయకుండా తోలినా సరిగ్గా ఇలాగే కాలుతాయి.

మా మెకానిక్కు మాస్టర్ సిలిండర్ మార్చేద్దామన్నాడు. పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను చక్రాలకు నెట్టేది అదే. రోగం తెలియకుండా మందు పోయడం నాకు గిట్టదు, వద్దన్నాను. బండి చల్లారాక రోడ్డు పరీక్షకు తీసుకెళ్దామని, అయితే నాయుడే తోలాలని చెప్పాను.

"నేనెందుకు సారూ? తోలను రాకనా డ్రైవర్ని పెట్టుకోనుండాను?" అని చిరాకుపడ్డాడు గానీ, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. యేసుపాదం పక్క సీట్లో కూర్చున్నాడు. నేను మోటారు సైకిల్ మీద వాళ్ళ వెనకే లత్తేరి దారి పట్టాను. నా కళ్ళు కారు వెనక ఉన్న ఎర్ర దీపాల మీదే ఉన్నాయి. మేకలు అడ్డం వచ్చినప్పుడు వెలిగాయి, బస్సు ఆగినప్పుడు వెలిగాయి. మిగతా దారంతా ఆరిపోయే ఉన్నాయి.

లత్తేరి ఇంకా రాకముందే వాసన మొదలైంది. చదును రోడ్డు మీద కారు ఎత్తు ఎక్కుతున్నట్టు ఈడ్చుకుంటూ వెళ్ళి ఆగింది. నాయుడు దిగి చక్రం వైపు చూసి, నా వైపు చూసి, "నేను కాలు పెట్టలేదే!" అన్నాడు.

యేసుపాదం రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. అతను నవ్వలేదు. నాకు మాత్రం నవ్వు ఆగలేదు, హెల్మెట్ తీయకుండా కాసేపు అలాగే ఉన్నాను.

కాలు పెడల్ మీద ఉంటే వెనక దీపం వెలగాలి. అది వెలగలేదు, బ్రేక్ మాత్రం పట్టేసింది. అంటే కాలు కాకుండా ఇంకేదో, దీపం వెలగనివ్వకుండానే పెడల్‌ను నొక్కుతోంది. అలా నొక్కగలిగేది ఆ దీపం స్విచ్ ఒక్కటే. అది పెడల్ కాడకు ఎదురుగా ఉంటుంది. పెడల్ పైకి వచ్చి దాని బొత్తాన్ని నొక్కితే దీపం ఆరుతుంది, కిందికి దిగితే వెలుగుతుంది.

టార్చ్ పట్టుకుని వంగి చూశాను. ఆ స్విచ్‌ను మరీ లోపలికి తిప్పేశారు. అది పెడల్‌ను పూర్తిగా పైకి రానివ్వడం లేదు. పెడల్ కాస్త దిగి ఉన్నా చాలు, మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి వెళ్ళే సన్నని రంధ్రం మూసుకుపోతుంది. వేడికి ఉబ్బిన ఆయిల్‌కు దారి లేక బ్రేకులను ఇంకా బిగిస్తుంది. స్పానర్‌తో స్విచ్‌ను వెనక్కి తిప్పగానే పెడల్ వేలి మందాన పైకి లేచింది. యేసుపాదం భుజం ఆనించి తోస్తే బండి కదిలింది. కానీ ఇప్పుడు వెనక దీపం ఆరడం లేదు.

ఆ దీపం చూశాక నాయుడికి గుర్తొచ్చింది. "ఇది ఆరక బ్యాటరీ దిగిపోయినాదని నేనే ఎలక్ట్రీషియన్ని పిలిపిస్తి. ఈయప్ప అప్పుడు ఈస్టరుకు ఊరికి పోయినాడు" అన్నాడు మెల్లగా. స్విచ్‌కు తగలాల్సిన చోట పెడల్ కాడ మీద ఉండే రబ్బరు బిళ్ళ పాతబడి పొడి అయిపోయింది. ఎలక్ట్రీషియన్ బిళ్ళ వేయకుండా స్విచ్‌నే ముందుకు జరిపాడు. దీపం ఆరింది, బ్రేకులు పట్టేశాయి.

వర్క్‌షాపులో కొత్త బిళ్ళ వేసి, స్విచ్ సరిచేసి, లైనింగులు మార్చాం. కొండను తవ్వి ఎలుకను పట్టారని మేనేజరు వెక్కిరించాడు. ఎలుకను పట్టకపోతే ఒక మనిషి పని పోయేదని నేనూ గట్టిగానే చెప్పాను.

నాయుడు క్షమాపణ అడగలేదు. అది నాకు ఇప్పటికీ కోపమే. బయలుదేరేటప్పుడు మాత్రం తాళం యేసుపాదం ముందుకు చాచి, "నువ్వే తోలప్పా. నేను తోల్తే కాలిపోతా ఉండాది" అన్నాడు. యేసుపాదం చేతులు తుడుచుకుని తాళం అందుకున్నాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, డ్రైవరు మీద ఎవరు ఫిర్యాదు తెచ్చినా ముందు వాళ్ళ చేతికే స్టీరింగ్ ఇచ్చాను. వెనక దీపం నేను చూసుకున్నాను.