మాఫీ అంటే లేదని

మా తాండూరులో మాఫీ అనే మాట చెవిన పడితే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. అప్పు మాఫీ, వడ్డీ మాఫీ, జుర్మానా మాఫీ. అంత మంచి మాట ఇంకోటి లేదని చిన్నప్పటి నుంచీ నా నమ్మకం. పైగా నాకు ఉర్దూ బాగానే వచ్చు. బండలు పరిచే పని మీద గల్ఫ్‌కు పోయేటప్పుడు, ఉర్దూ వచ్చినవాడికి అరబ్బీ ఎంతలో పని అని విమానంలో పక్క సీటాయనకు ధైర్యం కూడా చెప్పాను.

దిగిన రోజే కంపెనీ సూపర్‌వైజర్ మా పాస్‌పోర్టులన్నీ తీసుకున్నాడు. మీ దగ్గరుంటే పోతాయి, నా దగ్గర భద్రంగా ఉంటాయి అని బీరువాలో పెట్టి తాళం వేశాడు. పాపం, మా గురించి ఎంత ఆలోచిస్తున్నాడో అనుకున్నాను.

అయిదు నెలలకు ఇంటి నుంచి ఫోను వచ్చింది, బిడ్డ పుట్టిందని. సెలవు కోసం పోయి సూపర్‌వైజర్ ముందు నిలబడ్డాను. ఆయన తల కూడా ఎత్తకుండా "ఇజాజా మాఫీ" అన్నాడు. ఇజాజా అంటే సెలవని అప్పటికే నేర్చుకున్నాను. మాఫీ గురించి నాకు ఒకరు చెప్పాలా? ఆయన చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాను. ఆయన హడలిపోయి చేతులు లాక్కున్నాడు. నేను పోయి బిడ్డకు గౌను, భార్యకు సెంటు కొన్నాను. మా గదిలో ఉన్న పన్నెండు మందికీ మిఠాయి పంచాను. బ్యాగు సర్దుకుని పాస్‌పోర్టు కోసం పోతే ఆఫీసు ఆఫీసంతా పడీ పడీ నవ్వింది. అక్కడ మాఫీ అంటే లేదు అని. అన్నం మాఫీ అంటే అన్నం లేదు, సెలవు మాఫీ అంటే సెలవు లేదు.

నేను ఇల్లు చేరేసరికి బిడ్డకు మూడేళ్లు. వాళ్లమ్మ కొంగు వెనక దాక్కుని "గీయనెవరు?" అని అడిగింది. నేను తెచ్చిన గౌను బొమ్మకు తొడిగింది.

మళ్లీ పోయి మొత్తం ఎనిమిదేళ్లు చేసి, ఇక చాలని వచ్చేసి, వికారాబాద్ స్టేషను దగ్గర ఫాస్ట్‌ఫుడ్ సెంటర్ పెట్టాను. ఆ పాడు మాట కూడా నాతో పాటే విమానం దిగింది. ఎనిమిదేళ్ల అలవాటు మరి, లేదు అనాల్సిన ప్రతిచోటా మాఫీ అనేవాణ్ణి. ఒకాయన మంచూరియా అడిగితే, అయిపోయిందని చెప్పబోయి "మంచూరియా మాఫీ" అన్నాను. "గట్లయితే రెండు ప్లేట్లెయ్యి," అని ఆయన కుర్చీ లాక్కుని తీరుబడిగా కూర్చున్నాడు.

మా దగ్గర వంట చేసేది నేపాల్ మనిషి. వయసు నలభైకి అటూ ఇటూగా ఉంటుంది. అతని చేతి నూడుల్స్ కోసం పరిగి నుంచి కూడా వచ్చేవాళ్లు. నన్ను సాహుజీ అని పిలిచేవాడు. వాళ్ల భాషలో షావుకారు అన్నట్టు. ఆ పిలుపు నాకు మహా ఇంపుగా ఉండేది, అందుకని అవసరం లేకపోయినా మాటిమాటికీ పలకరించేవాణ్ణి. పనిలో చేరిన రోజే అతని గుర్తింపు కార్డు తీసుకున్నాను. నీ దగ్గరుంటే పోతది, నా దగ్గర భద్రంగ ఉంటది అని చెప్పి సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆ మాటలు నేను ఎక్కడ విన్నానో గుర్తే రాలేదు, ఒట్టు. మంచి యజమాని ఇలాగే ఉంటాడని నాలో నేను మురిసిపోయాను కూడా.

చేరిన ఎనిమిది నెలలకు ఊళ్లో అతనికి కూతురు పుట్టింది. ఫోనులో పాప ఫొటో చూపిస్తూ గిరాకీలందరి ప్లేట్లూ చల్లార్చేవాడు. నాలుగు నెలలు దాటాక ఒక మధ్యాహ్నం నా ముందుకొచ్చి నిలబడ్డాడు. అతని తెలుగంతా మా గిరాకీలు నేర్పిందే.

"సాహుజీ, మా తాన ఆడపిల్లకు అయిదో నెలల అన్నం ముట్టిస్తరు. గీ ఊరందరికి తినవెడుతున్న. నా బిడ్డకు మొదటి ముద్ద నేనే పెట్టాలె. జర పంపు."

అవి పెళ్లిళ్ల రోజులు. చేతినిండా ఆర్డర్లు. అతను పోతే నా పొయ్యి ఆరిపోయినట్టే. నేను ఆర్డర్ల కాగితం మీద నుంచి తల ఎత్తకుండా "ఛుట్టీ మాఫీ" అన్నాను. అతను వంగి నా కాళ్లకు దండం పెట్టాడు. సెలవు ఇవ్వకపోయినా దండం పెడుతున్నాడే, ఎంత సంస్కారం అనుకున్నాను. ఆ సాయంత్రం అతను పాడుకుంటూ వండాడు. ఫ్రైడ్ రైస్ మామూలు కంటే బాగా కుదిరింది.

మూడో రోజు కొత్త చొక్కా వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని వచ్చాడు. చేతిలో చిన్న వెండి గిన్నె. పాపకు అందులోనే అన్నం పెడతాడట. హైదరాబాద్ బండి అరగంటలో ఉందని, కార్డు ఇవ్వమని చెయ్యి చాపాడు. అప్పటికి గానీ నాకు వెలగలేదు. మాఫీ అంటే ఒప్పుకోవడం కాదని, లేదు అనడమని అతనికి అర్థమయ్యేలా చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను. పక్కన ఉల్లిగడ్డలు తరుగుతున్న నా భార్య కత్తి కింద పెట్టి నవ్వింది. నవ్వి నవ్వి ఊరుకుంది. నా గల్ఫ్ సెలవు కథ చెప్పి నేను ఎన్ని విందుల్లో జనాన్ని నవ్వించానో ఆమెకు తెలుసు.

"నీకు ఆ దినం నవ్వొచ్చిందా?" అని అడిగింది. "సొరుగు తియ్యి."

తీశాను. కార్డు చేతిలోకి తీసుకున్నాను గానీ ఇవ్వడానికి చెయ్యి రాలేదు. ఇస్తే మళ్లీ వస్తాడా అన్నది ఒక్కటే నా మనసులో తిరుగుతోంది. అది నా మొహం మీద అతనికి కనబడినట్టుంది.

"కార్డు నీ తాననే పెట్టుకో సాహుజీ," అన్నాడు. "నేను రానని నీకు ఫికరున్నది. బార్డర్ల నేను బతిమాలుకుంట. నన్నయితే పంపు."

ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. లేదు, నిజంగానే అంటున్నాడు. ఎగతాళి అయితే నేనూ నవ్వేసి తప్పించుకుని ఉండేవాణ్ణి. సిగ్గుతో తల వంచుకుని కార్డు అతని చొక్కా జేబులో పెట్టాను. ఎప్పుడొస్తావని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.