సత్యవతి మేడమ్ బొమ్మల పెట్టె

మా ఆఫీసులో కరెంటు పోయి యూపీఎస్ కీచుమన్నప్పుడల్లా నా చేయి దానంతటదే సేవ్ మీట మీదికి పోతుంది. ఇక్కడ జనరేటర్ వెంటనే అందుకుంటుంది, భయపడాల్సిన పనేమీ లేదు. అయినా ఆ కూత వినగానే పలాస జీడిపప్పు బట్టీల పొగ వాసన ముక్కుకు తగులుతుంది. వెనక నుంచి సత్యవతి మేడమ్ గొంతు వినిపిస్తుంది. "బేగి దాసుకోండి. రాసింది పోతే మళ్ళీ అలగే రాదు."

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేడమ్ పలాస స్టేషన్‌కు దగ్గర్లో, ఒక మందుల షాపు మేడ మీద కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. రోజూ హరిశ్చంద్రపురం నుంచి పాసింజరులో వచ్చేవారు. నేను డిగ్రీ పాసై ఆవిడ దగ్గర పాఠాలు చెప్పడానికి కుదురుకున్నాను. నాకు తెలివి ఉండేది, ఉన్నదానికి రెండింతలు ఉందన్న నమ్మకం కూడా ఉండేది. మేడమ్‌కు ఒకటే బెంగ. చేరినవాళ్ళలో చాలామంది నల్లటి తెర మీద అంకెలు కూడి, తీసేసి, ఇదేనా కంప్యూటరంటే అని ముఖం మాడ్చుకుని నెల తిరక్కుండానే మానేసేవారు. "మొదటి రోజే ఒక బొమ్మ గీయాల. ఇంటికెల్లి అమ్మకి సెప్పుకోవాల," అనేవారు ఆవిడ. అప్పట్లో చిన్న ఇల్లు గీయాలన్నా పేజీడు ప్రోగ్రాం కావాలి. ఆ కష్టమేదో ముందే మనం పడి ఉంచితే, కొత్తవాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో ఇల్లు, చెట్టు, పడవ అని ఒక్క మాట కొడితే చాలు, తెర మీద బొమ్మ పడుతుంది. అలాంటివన్నీ ఒకచోట చేర్చి, ఎవరైనా ఉచితంగా తీసుకునేలా, లోపల ఏముందో విప్పి చూసుకునేలా ఇంటర్నెట్లో పెట్టాలని ఆవిడ ఆశ. దానికి 'బొమ్మల పెట్టె' అని పేరు పెట్టారు.

టెక్కలి నుంచి ఇద్దరు లెక్చరర్లు, కవిటి నుంచి టైపు నేర్పే ఆయన, మా సెంటర్ పిల్లలు, ఎవరికి చేతనైన బొమ్మ వాళ్ళు రాసి ఫ్లాపీలో తెచ్చేవారు. ఆదివారం పొద్దున అందరం కూర్చునేవాళ్ళం. ఎవరైనా తమ బొమ్మ వేసి చూపిస్తుంటే మేడమ్ తెర వైపు చూసేవారు కాదు, వాళ్ళ ముఖం చూసేవారు. తెచ్చినవన్నీ ఒక్కటిగా కలిపే పని నాది. షరతు ఒకటే. ఒకరు రాసినదాన్ని మార్చాలంటే, రాసినవాళ్ళ పక్కన కూర్చుని, అడిగి మార్చాలి. టెక్కలి లెక్చరర్ ఒకాయన, "తప్పు దిద్దడానికి కూడా అడగాలేటి మేడమ్?" అని నవ్వాడు. "తప్పున్నాదని మీకు తెలుసు బాబూ. రాసినోళ్ళకి తెలియాల కదా," అన్నారు మేడమ్. నాకు అది ఉత్త చాదస్తంగా తోచింది.

ఉద్దానం తీరంలోని ఒక మత్స్యకారుల పల్లె నుంచి దాలమ్మ అనే అమ్మాయి వచ్చేది. ఇంటర్ పాసైంది. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేది. రెండు నెలలు కష్టపడి 'అల' రాసింది. పేజీలకు పేజీలు, ఒక చిన్న గీత తర్వాత ఇంకో చిన్న గీత. మా పాత కంప్యూటర్లో ఆ అల ఆయాసపడుతూ లేచేది. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. లెక్కల పుస్తకంలో ఉన్న వంపుతో నాలుగు వరుసల్లో అయిపోయే పని. ఇంటర్నెట్లో పెట్టే రోజు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆమె రాసిందంతా తీసేసి నా నాలుగు వరుసలు పెట్టాను. ఆమె ఫ్లాపీలో కూడా నాదే ఎక్కించాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

ఆదివారం దాలమ్మ అందరి ముందూ కూర్చుని అల అని కొట్టింది. ఒకే ఎత్తున, ఒకే తీరున మెలికలు తిరిగిన గీత చటుక్కున వచ్చింది. బాగుందన్నారు అందరూ. ఆమె మాత్రం, "ఇది నాది కాదు," అంది.

"నీదే, కాస్త బాగుచేశాను," అన్నాను.

"మీరు సముద్రం ఎప్పుడైనా సూసినారేటి సార్?" అని అడిగి, ఫ్లాపీ బల్ల మీద పెట్టేసి, కోపంగా మెట్లు దిగిపోయింది.

తర్వాత ఆమె రాలేదు. మేడమ్ నన్ను తిట్టలేదు, పెట్టెను ఇంటర్నెట్లో పెట్టడం ఆపేశారు. ఒక్క అల కోసం ఇంతమంది కష్టం ఆపుతారా అని నేనే ఎగిరాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అల కోసరం కాదు. ఆ పిల్ల మళ్ళీ ఏదైనా రాత్తాదా, రాయదా. అదీ నా బాధ," అన్నారు. "కొత్తోళ్ళ కోసరం పెట్టిన పెట్టిలోంచి మొదట కొత్తదాన్నే తీసి పారేసినావు. నువ్వే ఎల్లి అడుగు. నాను రాను."

బస్సు దిగి, ఆటో ఎక్కి, కొబ్బరి తోటలు దాటి ఆ పల్లెకు వెళ్ళాను. దాలమ్మ తల్లి ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. నేనెవరో చెప్పగానే లేచి నిలబడి, చేతులు చీరకు తుడుచుకుంది. "మా గుంటకి సదువు రాదని సెప్పడానికొచ్చినారా బాబూ?" అంది. అంత సిగ్గు నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

దాలమ్మ నన్ను ఒడ్డుకు తీసుకెళ్ళింది. "సూడండి. అక్కడ లెగుత్తాది. ఇక్కడికొచ్చి ముందుకి వంగుతాది. ఇదిగో, ఇక్కడ ఇరుగుతాది. మా అయ్య ఇది సూసుకునే పడవ దించుతాడు. మీ అల సూసి దించితే ఏటవుతాది?"

తప్పు నాదేనని చెప్పాను. ఆమె రాసింది ఎక్కడా మిగల్లేదని కూడా చెప్పాను. ఆమె వెనక్కి తిరిగి, "మళ్ళీ రాత్తాను. మీరు పక్కన కూసోండి. మాటాడకండి," అంది.

సెంటర్లో ఆమె పక్కనే కూర్చున్నాను. ఎన్ని రోజులో గుర్తులేదు. నాలుక దురద పెట్టేది, మేడమ్ దూరం నుంచి నా వైపు చూసి నవ్వుకునేవారు. ఈసారి ఆ అల సగం వరుసల్లోనే లేచి, వంగి, విరిగింది. చివర్లో దాలమ్మ నా వైపు తిరిగి, "దూరంగా ఉన్న నీళ్ళకి మీ వంపు సరిపోతాది సార్. పెట్టుకోనా?" అని అడిగింది. నేను రాసినదాన్ని గురించి నన్నెవరూ అంతవరకు అలా అడగలేదు. మేడమ్ షరతు ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఆ వారమే బొమ్మల పెట్టె ఇంటర్నెట్లోకి ఎక్కింది.

కొన్నాళ్ళు చాలామంది వాడారు. తర్వాత కొత్త యంత్రాలొచ్చి అది పాతబడిపోయింది. మేడమ్ కూడా పోయారు. ఆవిడంటే నాకెంత ప్రాణమో ఒక్కసారైనా చెప్పలేదన్న బాధ ఉంది. ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తారు. వాళ్ళు రాసిందాంట్లో చిన్న తప్పు కనిపించినా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాను. సార్‌కి తీరిక ఎక్కువని వెనకాల నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

దాలమ్మ ఇప్పుడు వాళ్ళ ఊరి దగ్గర బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పుతోంది. ఇది అచ్చుకు పంపేముందు ఆమెకు ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. అంతా విని, "ఒక్కటి తప్పు సార్. ఏడుత్తా మెట్లు దిగినానని రాసినారు. నానేడవలేదు, కోపమొచ్చినాది," అంది. మార్చనా అని అడిగాను. మార్చమంది. ఆమె ఫోన్లో ఉండగానే ఆ మాట కొట్టేసి, 'కోపంగా' అని రాసి, మళ్ళీ చదివాను.

"ఇప్పుడు పంపండి," అంది.